గోరంత బిళ్ళ

వెనక తలుపు కింద సందులోంచి చల్లగాలి. కరుగుతున్న మంచు వాసన. తడి మట్టి వాసన. ఆ సందుకి ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని, ఒక పిల్లి.

రోజూ ఇంతే.

పొద్దున లేచి చూస్తే అక్కడే. పని నుంచి వచ్చి చూస్తే అక్కడే. తలుపుని గీకుతుంది — గర్ర్… గర్ర్… — ఆగి వెనక్కి చూస్తుంది. ఎవరైనా తీస్తారేమోనని.

తీయొద్దని చెప్పాను.

పిల్లి నాది కాదు. ముందు ఆ మాట తేలిపోవాలి. కెనడాలో ఈ ఒషావా బేస్‌మెంట్‌లో మాకంటే ముందున్న ప్రణీత్‌ది. కాల్గరీలో జాబ్ వచ్చిందని రెండు సూట్‌కేసులు పట్టుకుని వెళ్ళిపోయాడు. "చరితా, రెండు వారాలు చూసుకో, ఇల్లు దొరకగానే వచ్చి తీసుకెళ్తా" అన్నాడు. ఆకులు రాలే రోజుల్లో అన్న మాట అది. మంచు పడింది. కరిగింది. మళ్ళీ పడింది. ఇప్పుడు ఫోన్ చేస్తే దాని ఫోటో పంపమంటాడు. పంపితే కింద ఒక హార్ట్ పెడతాడు.

దాని పేరు దొర. బూడిద రంగు ఒళ్ళు, తెల్ల గుండెలు. పనీ పాటా లేదు. పెట్టింది తింటుంది, పెట్టిన మనిషి ఒళ్ళో కాకుండా ఇంకొకరి ఒళ్ళో పడుకుంటుంది. పేరు బాగానే పెట్టాడు మహానుభావుడు.

ఆ ఏడాది ఊరంతా మేమే, చదువుకోడానికి వచ్చిన తెలుగు పిల్లలం. బస్సులో మేమే. కాలేజీ మెట్ల మీద మేమే. కాఫీ షాపులో కౌంటర్‌కి ఇటు నిలబడి అమ్మేది మేమే, అటు నిలబడి ఉద్యోగం ఉందా అని అడిగేదీ మేమే. ఎవరి బతుకు వాళ్ళకే భారంగా ఉన్న రోజులు. అందులో నాకొక పిల్లి.

నాది కాని పిల్లి.

బేస్‌మెంట్‌లో నేనూ, తేజశ్రీ. నాది బాపట్ల, దానిది జగిత్యాల. ఒకే కాలేజీ. నాకు కాఫీ షాపు, దానికి వేర్‌హౌస్. పైన ఇంటావిడ చాముండేశ్వరి ఆంటీ. రోజూ రిచ్‌మండ్ హిల్‌లో ఆఫీసుకి పోయి వస్తుంది. ఇల్లిచ్చిన రోజే చెప్పింది — కుక్కలూ పిల్లులూ కుదరవమ్మా అని. దొర అరిస్తే పైన టీవీ సౌండ్ పెంచుతుంది. పిల్లిని వినలేదని ఆవిడ నటన. పిల్లి లేదని మా నటన. చలికాలమంతా అలాగే గడిచిపోయింది.

నాదేమో చదివే జబ్బు. బస్సులో కూర్చుని ఫోన్లో అన్నీ చదివేశాను. చదివి ఊరుకోవచ్చుగా. ఇంటికొచ్చి చెప్పేదాన్ని.

ఉల్లిపాయ పెట్టొద్దే, దాని రక్తం చెడిపోతుంది. పాలు పోయొద్దే, కడుపు చెడిపోతుంది. స్టోర్లో చవగ్గా వచ్చాయని దేవుడికి లిల్లీ పూలు తేవొద్దే, వాటి పుప్పొడి ఒంటి మీద పడి నాకినా కిడ్నీలు పోతాయట. చేతికి కట్టుకున్న తోరం దాని ముందు విప్పి పడేయొద్దే, దారం మింగితే పేగులకి చుట్టుకుంటుంది. మగపిల్లి… ఒంటికి రాక మట్టిడబ్బాలో కూర్చుని ముక్కుతుంటే రేపు చూద్దాం అనుకోకూడదు, ఆ రోజే తీసుకెళ్ళాలి.

తలుపు తీయొద్దే. బయట కార్లు, తోడేళ్ళలాంటి కొయోటీలు, ఊరపిల్లులు.

"నువ్వు మస్తు భయపెడ్తవ్ చరితా. మా ఊర్ల పిల్లులకు ఎవరు చెప్పిన్రు ఇవన్నీ" అనేది తేజశ్రీ.

అని నవ్వేది. ఎవరితో చెప్పుకోను.

ఇక జానకమ్మ ఆంటీ. తేజశ్రీ వాళ్ళమ్మ.

ఆవిడ జగిత్యాలలో ఉంటుంది. ఉండటం అక్కడే గానీ రోజూ మా వంటింట్లోనే. వీడియో కాల్. ఫోన్ని పంచదార డబ్బాకి ఆనించి నిలబెడుతుంది తేజశ్రీ. కుక్కర్ విజిల్స్ ఆవిడ లెక్కపెడుతుంది. పోపు మాడుతోందని ఆవిడే కనిపెడుతుంది. నేను స్నానం చేసి తల ఆరబెట్టుకోకుండా తిరిగితే జగిత్యాల నుంచి తిట్లు.

"దొరా… తిన్నవా?"

ఆ గొంతు వినపడితే చాలు. దొర ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి ఫోన్ ముందు కూర్చుంటుంది. తెర వెనక వాసన చూస్తుంది. మనిషి లేదు. మళ్ళీ ముందుకొచ్చి కూర్చుంటుంది. రోజంతా చాకిరీ చేసేది నేను, పరుగు మాత్రం ఆవిడ కోసం.

ఆవిడ అంగన్‌వాడీ టీచరు. ఎందరో చంటిపిల్లల ముక్కులు తుడిచిన చెయ్యి. ఆ చేత్తోనే కూతురి సూట్‌కేస్‌లో ఒక పక్క పచ్చళ్ళు సర్దింది, ఒక పక్క బిళ్ళలు సర్దింది. జ్వరానికి, జలుబుకి, కడుపునొప్పికి, ఒళ్ళునొప్పులకి. అందరం తెచ్చుకుంటాం. ఇక్కడ వాక్-ఇన్ క్లినిక్‌కి వెళ్తే ఒక పూట పోతుంది. పూట పోతే షిఫ్ట్ పోతుంది. అందుకని మా ఇద్దరికీ డాక్టరు జానకమ్మ ఆంటీయే. జనవరిలో నాకు జ్వరమొస్తే ఫోన్లో నాలుక చూపించమంది. తెల్ల బిళ్ళ వేసుకుని జావ తాగమంది. రెండు రోజుల్లో తగ్గింది.

తగ్గింది కాబట్టే వచ్చింది చిక్కంతా.

ఆ గురువారం ఇంటికొచ్చేసరికి తలుపు దగ్గర పిల్లి లేదు.

"తేజూ, దొరేడే?"

గిన్నెలు తోముతోంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

"తలుపు తీశావా?"

"అమ్మ అన్నది… పాపం, పిల్లిని గదిల బంధిస్తరా, జర సేపు తిరగనియ్యిరి అని. పొద్దుగాల ఎండొచ్చింది. గిట్ల పోయి గట్ల వస్తడనుకున్న."

ఒళ్ళు మండిపోయింది. చెప్పాను కదే. నెలల తరబడి చెప్పాను కదే. నేను చదివి, చూసి, నోరు నొప్పెట్టేలా చెప్పింది ఒక్క ముక్క చెవినేసుకోవు. అక్కడెక్కడో ఇంటి చూరు కింద కూర్చుని మీ అమ్మ ఒక్క మాటంటే తలుపు తీసేస్తావు.

అంతా పైకే అన్నాను. మింగుకునే అలవాటు నాకు లేదు.

చీకటి పడకముందే వచ్చింది దొర. కుంటుకుంటూ. తోక మొదట్లో బొచ్చు తడిసి అంటుకుపోయి ఉంది. తీసి చూస్తే పంటి గాటు. ఏ ఊరపిల్లో పట్టుకుని పీకింది. కడిగాను. బుస్సుమంది. మంచం కిందికి దూరిపోయింది.

మర్నాటి నుంచి నాకు వరుసగా షిఫ్టులు. "పొద్దున్నే పశువుల క్లినిక్‌కి ఫోన్ చెయ్యి. పంటి గాటు లోపల చీము పడుతుంది" అన్నాను.

"నువ్వు పో. నేను చూసుకుంటా" అంది.

చూసుకుంది. అదే కదా నా ఏడుపు.

శుక్రవారం అడిగితే, పడుకున్నడు అంది. శనివారం అడిగితే, జర ఒళ్ళు వేడిగున్నది గానీ పెరుగన్నం తిన్నడు అంది. క్లినిక్ ఏమన్నారే అంటే, తగ్గుతున్నదిలే అంది. నేను కాళ్ళు పీకుతూ వచ్చి మంచం కిందికి ఒకసారి టార్చి వేసి చూశాను. రెండు కళ్ళు మెరిశాయి. బతికే ఉంది కదా అని పడుకున్నాను.

ఆదివారం పొద్దుటి షిఫ్ట్ చేసి వచ్చాను. మెట్లు దిగుతుంటేనే ఒక చప్పుడు. తలుపు గీకే చప్పుడు కాదు. ఎవరో పరిగెత్తుకొచ్చి ఆయాసపడుతున్న చప్పుడు.

వాషింగ్ మెషీన్ పక్కన దొర. నోరు తెరుచుకుని ఊపిరి తీస్తోంది. పిల్లి నోటితో ఊపిరి తీయదు. తీస్తోందంటే ఇక ఆలస్యం చేయకూడదని చదివాను. మొహం ఉబ్బిపోయి ఉంది. పాదాలు ఉబ్బిపోయి ఉన్నాయి. పెదవి ఎత్తి చూశాను. చిగుళ్ళు గులాబీ రంగులో ఉండాలి. కాఫీ డికాక్షన్ రంగులో ఉన్నాయి.

తేజశ్రీ పక్కనే నేల మీద కూర్చుని ఉంది. దాని చేతిలో తేనె చెంచా.

"పొద్దున బాగనే ఉండె…" అంది.

తువ్వాలులో చుట్టి ఎత్తుకుని పైకి పరిగెత్తాను. తలుపు కొట్టాను. చాముండేశ్వరి ఆంటీ నైటీలో ఉంది, తలకి నూనె పెట్టుకుని ఉంది.

"ఆంటీ, పిల్లి—"

"ఏ పిల్లి?" అంది. అలవాటు కొద్దీ.

అప్పుడు చూసింది. తువ్వాలులోంచి బయటికొచ్చిన మొహం చూసింది. ఇంకేమీ అడగలేదు. నైటీ మీదే కోటు వేసుకుని కారు తాళాలు తీసింది. తేజశ్రీ కూడా వెనకే వచ్చి కారెక్కింది.

రోడ్డు పక్కన మంచు కుప్పలు నల్లబడి, కుంగిపోయి… వాటి కింద నుంచి నీళ్ళు. లోకమంతా కరిగి ప్రవహిస్తుంటే నా ఒళ్ళో ఒక ప్రాణం ఊపిరి కోసం కొట్టుకుంటోంది. నాకు భయం వేసింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. ప్రణీత్ మీద. తేజశ్రీ మీద. మెల్లగా పోతున్న ముందు కారు మీద.

క్లినిక్‌లో ముందు గదిలో అమ్మాయి అడిగింది — ఈ పిల్లి ఎవరిది?

నేను నోరు తెరిచేలోగా ఆంటీ అంది.

"మా ఇంటిది."

పిల్లిని లోపలికి తీసుకుపోయారు.

కాసేపటికి నీలం బట్టల డాక్టరు వచ్చింది. చిన్నావిడే. మెల్లగా, విడమర్చి, ఇంగ్లిష్‌లో చెప్పింది. గాజు పెట్టెలో పెట్టి ఆక్సిజన్ ఇస్తున్నాం. రక్తం గోధుమ రంగులో ఉంది. ఊపిరి పీలుస్తున్నా రక్తం దాన్ని మోయలేకపోతోంది. ఏదో విషం. ఏది అని తెలిస్తే దానికి తగ్గ మందు ఇప్పుడే మొదలుపెడతాను. ఏమైనా తిన్నదా? ఏదైనా మందు? ఇంట్లో ఏదైనా దొరికిందా?

నేను తేజశ్రీ వైపు చూశాను.

"నో" అంది తేజశ్రీ. "ఓన్లీ కర్డ్ రైస్."

డాక్టరు, బాగా గుర్తు చేసుకోండి అంది. లోపలికి వెళ్ళిపోయింది.

తేజశ్రీ బొటనవేలి గోటిని చూపుడువేలితో రుద్దుకుంటోంది. రుద్దుతూనే ఉంది. ఆరు నెలలుగా ఒకే గదిలో పడుకుంటున్నాం. అబద్ధం చెప్పేటప్పుడు దాని చేతులు ఊరుకోవు.

చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. పార్కింగ్ స్థలంలో ఎండ. కళ్ళు చెదిరే ఎండ, ఎముకలు కొరికే గాలి.

"ఏం పెట్టావే?"

తల దించుకుని మళ్ళీ ఆ గోరే రుద్దుకుంటోంది.

"తేజూ, లోపల అది చచ్చిపోతోంది. ఏం పెట్టావు?"

"చెప్తే…" వెనక్కి తిరిగి క్లినిక్ తలుపు వైపు చూసింది. "చెప్తే పోలీసులకు చెప్తరట. జంతువులకు హాని చేస్తే కేసు పెడ్తరట ఇక్కడ. రికార్డుల ఎక్కుతదట. స్టడీ పర్మిట్ పోతది, పీఆర్ రాదు, డిపోర్ట్ చేస్తరట."

"ఎవరు చెప్పారు?"

"వాట్సాప్ గ్రూప్‌ల."

తల పట్టుకున్నాను. ఏం చెప్పాలి వీళ్ళకి. పిల్లుల గురించి నేను చదివి చెప్తే నమ్మరు. మొహం తెలియనివాడు ఎవడో గ్రూప్‌లో రాసిపడేస్తే ప్రాణం మీదికి వచ్చినా నమ్ముతారు. తిడదామనుకున్నాను. తిట్లన్నీ నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. దాని మొహం చూసి మింగుకున్నాను. ఊళ్ళో పొలం మీద తెచ్చిన లోను. అర్ధరాత్రి దాకా డబ్బాలు మోసిన భుజాలు. ఇవన్నీ ఒక్క మాటతో పోతాయని నమ్ముతోంది పిచ్చిది.

నాకేం తెలుసు గనక. ఏ చట్టం ఏమంటుందో నాకూ తెలియదు. అయినా అన్నాను.

"ఏమీ కాదు. నేనున్నా. చెప్పు."

"జ్వరం బిళ్ళ."

పట్టుకున్న దాని చెయ్యి వదిలేశాను.

"అమ్మకు చూపించిన. ముక్కు పట్టి చూడమన్నది, చెవులు పట్టి చూడమన్నది. వేడిగున్నయ్. చంటిపిల్లలంత బరువే కదా, గోరంత ముక్క గిల్లి తేనెల పెట్టు, పొద్దటికి లేచి ఆడుకుంటడు అన్నది. నిన్న రాత్రి ఒకటి పెట్టిన. పొద్దున ఒకటి. గోరంతనే చరితా. నీకు ఇచ్చిందే. నీకు తగ్గింది కదా…"

నాకు తగ్గింది.

నాకు తగ్గిన బిళ్ళే.

నేను ఇంత చదివాను కదా. ఉల్లిపాయ చదివాను, లిల్లీ పూలు చదివాను, దారం చదివాను. మన జ్వరం బిళ్ళ పిల్లి ఒంట్లో అరగదని, రక్తాన్నే చెడగొడుతుందని — అదీ ఎక్కడో చదివే ఉంటాను. చెప్పాలని తోచలేదు. ఎవరు పెడతారులే అనుకుని ఉంటాను. సూట్‌కేసు నిండా బిళ్ళలున్న ఇంట్లో.

"పద" అన్నాను.

నేను చెప్తాననుకున్నాను. కానీ తేజశ్రీయే ముందు నడిచింది. అద్దాల తలుపు తోసుకుని, ముందు గది దాటి, లోపలికి రాకూడదన్న బోర్డు కూడా దాటి వెళ్ళింది.

"డాక్టర్. ఐ గేవ్. ఫీవర్ టాబ్లెట్. హ్యూమన్ టాబ్లెట్. టూ టైమ్స్."

డాక్టరు ఎంత అని అడిగింది. ఎప్పుడు అని అడిగింది. తేజశ్రీ తన గోరు చూపించింది — ఇంత. డాక్టరు తిట్టలేదు. కనుబొమలు కూడా ఎగరేయలేదు. "మంచి పని చేశారు చెప్పి" అని మాత్రం అంది. అప్పటికే సగం తిరిగి ఎవరికో మందు పేరు చెబుతోంది.

పోలీసులు ఎవరూ రాలేదు.

తర్వాత ఎదురుచూడటం. కుర్చీలు. ఎవరిదో కుక్క మూలుగు. నేను డబ్బు సంగతి మాట్లాడబోతే చాముండేశ్వరి ఆంటీ నన్ను ఆపి, తనే కౌంటర్ దగ్గరికి వెళ్ళి ఏదో సంతకం పెట్టి వచ్చింది. కోటు కింద నైటీ అంచు కనిపిస్తోంది. ఆవిడకి ఆ ధ్యాసే లేదు.

మందు ఎక్కుతోందన్నారు. చెప్పలేమన్నారు. రేపటి దాకా ఏ మాటా చెప్పలేమన్నారు. కావాలంటే ఒకసారి లోపలికి వచ్చి చూడమన్నారు.

గాజు పెట్టె. లోపల దొర, పక్కకి ఒరిగి. ముందు కాలికి గొట్టం, చుట్టూ తెల్ల కట్టు. కళ్ళు సగం మూసి ఉన్నాయి. డొక్కలు ఎగసి పడుతున్నాయి… ఎగసి పడుతున్నాయి…

ఫోన్ మోగింది. తేజశ్రీది.

జానకమ్మ ఆంటీ.

తేజశ్రీ తీయలేదు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. అక్కడ అందరూ పడుకునే వేళ. ఆవిడ పడుకోలేదు.

నేను లాక్కుని తీశాను. పార్కింగ్ స్థలంలో విన్నప్పటి నుంచీ ఇందుకోసమే చూస్తున్నాను. ఆవిడని అడగాలి. ఎవరినడిగి తలుపు తీయించారు ఆంటీ. ఎవరినడిగి మందు పెట్టించారు. అంత దూరాన కూర్చుని మా ఇల్లు మీరెందుకు నడుపుతారు.

తెర మీద ఆవిడ మొహం. ట్యూబులైటు వెలుగు. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి.

"చరితా, నువ్వా బిడ్డా. దొరకు జ్వరం తగ్గిందా? తగ్గకుంటె ఇంకొక్క గోరంత ఎయ్యిరి. మింగకుంటె తేనెల రాసి నాలికె మీద పెట్టున్రి."

"ఆంటీ" అన్నాను. "పిల్లులకి అది విషం."

గట్టిగా అనలేదు. అనాలనుకున్నంత గట్టిగా రాలేదు.

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. తుడవలేదు. ఊరికే చేతిలో పట్టుకుంది.

"విషమా" అంది.

"అవునాంటీ."

"అంగన్‌వాడీల… ఎంతమంది పిల్లలకు…" ఆ మాట పూర్తి చేయలేదు. "పానం ఉన్నదా?"

"ఉంది. రేపటి దాకా ఏమీ చెప్పలేమన్నారు."

తెర మీద కదలిక లేదు. నెట్ ఆగిపోయిందేమో అనుకున్నాను. ఆగలేదు. వెనక ఫ్యాన్ తిరుగుతోంది.

"బిడ్డా, తేజు నీ పక్కనున్నదా?"

"ఉంది."

"దాన్ని తిట్టకు. నన్ను తిట్టు."

తిట్టడమే వచ్చు నాకు. పొద్దున లేస్తే అదే పని. ఇప్పుడు రమ్మంటే ఒక్క మాట రావడం లేదు.

"నన్ను తిట్టు బిడ్డా" అంది మళ్ళీ. "నేనే పెట్టుమన్న. బయటికి ఇడువుమన్నది కూడ నేనే."

తేజశ్రీ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. ఇంకా రుద్దుకుంటూనే ఉన్న ఆ వేలితో తెరని గాజు పెట్టె వైపు తిప్పింది.

యంత్రం ఒక్కటే మెల్లగా గురక పెడుతోంది.

"దొరా…" అంది జానకమ్మ ఆంటీ.

రోజూ పిలిచే పిలుపే. తిన్నవా అని మాత్రం అడగలేదు.

"చెవి కదిలింది" అంది తేజశ్రీ. "అమ్మా, చెవి కదిలింది. నీ గొంతు గుర్తువట్టిండు."

నేను ఆ చెవినే చూస్తున్నాను. రెప్ప వేయకుండా చూస్తున్నాను.

"కదిలిందా చరితా?"

కూతుర్ని కాదు, నన్ను అడిగింది.

"చూస్తున్నా ఆంటీ" అన్నాను. "ఇంకోసారి పిలవండి."